గడియారం చూడమన్న పెద్దమ్మకి

మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి. పాప ఇప్పుడే పడుకుంది. ఒళ్ళు చల్లగానే ఉంది. అయినా పది నిమిషాలకోసారి వెళ్ళి మెడ కింద చెయ్యి పెట్టి చూసొస్తున్నా. ఇది ఇవాళ రాయకపోతే రేపు ఆఫీసు పనిలో పడి ఇక రాయను. అందుకే కూర్చున్నా.

మా ఆవిడకి తొమ్మిదో నెల. పురిటికి ఖమ్మం దగ్గర పుట్టింటికి వెళ్ళింది. పాపకి మూడున్నరేళ్ళు. జూన్‌లోనే స్కూల్లో వేశాం, ఏడుపు మానింది ఈమధ్యే. మళ్ళీ మొదటికొస్తుందని హైదరాబాద్ బోడుప్పల్‌లోనే నా దగ్గర ఉంచుకున్నా. "ఒక్కడివే చూసుకోగలవా?" అని ఊళ్ళో అందరూ అడిగారు. "ఆమాత్రం చూసుకోలేనా" అన్నా. అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సోమవారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూనే ఒళ్ళు వెచ్చబడింది. జలుబు జ్వరమే అనుకున్నా. ఇంట్లో పారాసిటమాల్ సిరప్ ఉంది, పోయినసారి డాక్టర్ నాలుగు ఎంఎల్ వెయ్యమన్నది గుర్తుంది, అదే వేశా. మంగళవారం 102. బుధవారం రాత్రికి 103 దాటింది. నేను అదే నాలుగు ఎంఎల్, ఆరు గంటలకోసారి, అలారం పెట్టుకుని మరీ. సీసా మీద అంకె, అంటే ఐదు ఎంఎల్‌లో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉందో, చూడాలని నాకు తెలీదు. పోయినసారిది 250 సిరప్. ఈసారి ఇంట్లో ఉన్నది 120ది. రంగు అదే, డబ్బా అదే. అంటే మూడు రోజులుగా నా పిల్లకి నేను వేసింది వెయ్యాల్సిన దాంట్లో సగం కూడా కాదు. పైగా చలి అంటోందని రగ్గు కప్పి, కిటికీలు మూసి పెట్టా.

బుధవారం అర్ధరాత్రి దాటాక వాన, దాంతోపాటు కరెంటు పోయింది. పాప ఒళ్ళు పెనంలా ఉంది. పిలిస్తే పలుకుతోంది గానీ మత్తుగా. లిఫ్టు లేదు కాబట్టి భుజాన వేసుకుని ఫోన్ లైటులో మూడంతస్తులు దిగా. యాప్‌లో ఆటో కోసం ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. 108కి కొట్టాలని తోచనేలేదు. 2005 నుంచీ ఉన్న నంబరు, బళ్ళో పిల్లలు కూడా చెప్తారు. నా వేళ్ళకి గుర్తు రాలేదు.

గేటు దాటానో లేదో పాప ఒక్కసారిగా కొయ్యలా బిగుసుకుపోయింది. కళ్ళు పైకి తేలేసింది, పళ్ళు గిట్టకరుచుకుంది, చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. నేను గట్టిగా అరిచానట. ఏమని అరిచానో ఎవరూ చెప్పట్లేదు, నేనూ అడగట్లేదు.

ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది తలుపు తీసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. ఆ గది ముందు నుంచి రోజూ రెండుసార్లు బండి మీద పోతాను. ఆవిడని అంతకుముందు చూసినట్టు కూడా గుర్తులేదు. "ఇటియ్యి బిడ్డా, ఇటియ్యి" అని నా చేతుల్లోంచి పాపని తీసుకుంది. తీసుకుంది అంటే లాక్కుంది అనాలి, నేను వదల్లేదట. గదిలో చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టింది. మెడ దగ్గర గుండీ విప్పింది. నోటి పక్క నుంచి కారుతున్న చొంగ కొంగుతో తుడిచింది. బండి మీద పోతున్న ఒకాయన ఆగి తాళంచెవులు చేతిలో పెట్టమన్నాడు, ఇంకెవరో చెంచా పట్టుకొచ్చారు. "ఏం పెట్టకుర్రి నోట్ల, పండ్లిరుగుతయి. కాళ్ళు చేతులు గట్టిగ వట్టకుర్రి. గాలి రానియ్యిర్రి" అని అందరినీ వెనక్కి పంపింది.

తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గడియారం చూడు బిడ్డా. ఎన్ని నిమిషాలైతున్నదో నాకు చెప్పు" అంది.

ఫోన్ తీసి చూశా. 1:47.

ఆ మాట ఎందుకందో ఇప్పుడు తెలుసు. ఐదు నిమిషాలు దాటితే ప్రమాదం, అంతలోపు చాలావరకు అదే ఆగిపోతుందని డాక్టర్ తర్వాత చెప్పింది. కానీ ఆ క్షణంలో నాకది వేరేగా పనిచేసింది. చేతులు వణుకుతున్న మనిషికి ఒక పని దొరికింది. 1:48 అన్నా. "మంచిది, చూస్తుండు" అంది. 1:49 అన్నా. 1:50 కాకుండానే పాప ఒళ్ళు వదులైంది. గట్టిగా ఊపిరి పీల్చి ఏడ్చింది. నా జీవితంలో ఏడుపు విని అంత సంతోషపడింది రెండోసారి. మొదటిసారి లేబర్ రూం బయట.

"ఆగింది గద. ఐనా దవాఖానకు వోవాలె, మొదటిసారి గద" అని తనే ముందు ఆటో ఎక్కి కూర్చుంది. దారంతా పాప తల తన ఒళ్ళో పక్కకి తిప్పి పట్టుకుంది.

ఆసుపత్రి పేరు రాయను. పెద్దదే, అద్దాలు, లైట్లు, బయట వినాయకుడి బొమ్మ. లోపలికెళ్ళగానే కౌంటర్లో, "ఇరవై వేలు డిపాజిట్ కట్టండి సార్, ఫైల్ ఓపెన్ అయితేనే డాక్టర్ గారు వస్తారు" అన్నారు. పాప నా భుజం మీద స్పృహ ఉందో లేదో తెలియనట్టు వేలాడుతోంది. కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే ఆ డెస్క్ పొద్దున తొమ్మిదికి అన్నారు. పిల్లలకి జ్వరాలు తొమ్మిది తర్వాతే రావాలన్నమాట. క్రెడిట్ కార్డు రెండుసార్లు తిరస్కరించింది, మూడోసారికి పేమెంటు అయింది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, మిగతా తతంగం తర్వాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని నిన్న మా లాయర్ ఫ్రెండ్ చెప్పాడు. ఆ సంగతి ఆ కౌంటర్ దాకా ఇంకా రానట్టుంది. సర్కారు వాళ్ళ చిన్న క్లినిక్కులు, బస్తీ దవాఖానాలు మంచివే, నేనూ బీపీ చూపించుకున్నా, కానీ అవి పగటిపూటవి. రాత్రి రెండింటికి ఈ ఊళ్ళో చిన్న జీతగాడు ఎక్కడికెళ్ళాలో ఎవరైనా ఒక బోర్డు రాసి పెడితే బాగుండు.

అసలు సంగతి పక్కదారి పట్టింది. నా కోపం ఈ డబ్బు గురించి కూడా కాదు. సెక్యూరిటీ అతను, "అటెండర్ ఒక్కరే" అని పెద్దమ్మని గుమ్మం దగ్గరే ఆపేశాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయా.

డ్యూటీ డాక్టర్ చిన్నమ్మాయి, ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. ముందు పాపని తూచింది. 14 కిలోలు. "బరువుని బట్టి వెయ్యాలండీ మందు, కిలోకి 15 మిల్లీగ్రాములు, వయసుని బట్టి కాదు" అని ఒక కాగితం మీద రాసిచ్చింది: 250 సీసా అయితే 4 ఎంఎల్, 120 అయితే 8.5. ఆ కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి ఇలా జ్వరం ఫిట్స్ వస్తాయంది. మెదడుకేం కాదు, ఇంకోసారి రావచ్చు కూడా, వస్తే పక్కకి తిప్పి టైం చూసుకోండి అంది. నేను సీసా సంగతి చెప్పి తల దించుకుంటే, "మందు సరిగ్గా వేసినా ఫిట్స్ రావచ్చు, దానికీ దీనికీ అంత లంకె లేదు. మీరు దాన్ని మోసుకుని తిరగకండి" అంది. రక్తం తీశారు. డెంగీ లేదు, మలేరియా లేదు. వైరల్ అన్నారు. బిల్లింగ్ వాళ్ళు ఐసీయూ గది ఖాళీగా ఉందని రెండుసార్లు గుర్తుచేశారు, ఆ అమ్మాయి రెండుసార్లూ "అవసరం లేదు, నాలుగు గంటలు ఇక్కడే చూద్దాం" అని రాసింది. అలా రాయడం ఆ ఉద్యోగంలో ఎంత కష్టమో నాకు కొంచెం తెలుసు.

తెల్లవారుజామున ఐదున్నరకి మందులు తేవడానికి బయటికొచ్చా. మెట్ల మీద ఎవరో ముడుచుకుని కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్తే పెద్దమ్మ.

మూడు గంటలుగా. వాన జల్లు కొడుతున్న మెట్ల మీద. కాళ్ళకి చెప్పుల్లేవు. రాత్రి గదిలోంచి ఎలా లేచి వచ్చిందో అలానే ఆటో ఎక్కింది. నేను గమనించలేదు. నిజం చెప్పాలంటే ఆవిడ ఉందన్న సంగతే మర్చిపోయా. నన్ను చూసి లేచి నిలబడింది. ఎక్కడికి పోయావనలేదు, ఇంతసేపనలేదు.

"పిల్ల ఒంటేలు వోసిందా?" అంది.

పోసింది పెద్దమ్మా, అనబోయి అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చేశా. మా నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపాగి, "పో, మందులు దీస్కపో, లోపల ఒక్కతే ఉన్నది" అంది.

తర్వాత తెలిసింది. ఆవిడ ఒక సర్కారు దవాఖానలో పిల్లల వార్డులో ఆయాగా ఇరవై రెండేళ్ళు చేసిందట. చదువు లేదు. చూసి నేర్చుకున్నదే అంతా. ఇరవై రెండేళ్ళూ కాంట్రాక్టు మీదే. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త ఉద్యోగం కింద లెక్క. మోకాళ్ళు పట్టేశాక ఇంటికి పొమ్మన్నారు. పింఛను లేదు, ఏమీ లేదు. ఇప్పుడు కూతురు, అల్లుడి దగ్గర ఆ పదడుగుల గదిలో ఉంటోంది. ఇలాంటి మనిషిని పర్మినెంటు చెయ్యడానికి ఏ సర్టిఫికెట్టు కావాలో నాకు అర్థం కాదు.

గురువారమంతా మా ఇంట్లోనే ఉంది. గోరువెచ్చని నీళ్ళు గిన్నెలో పోసి, మోచెయ్యి ముంచి చూసి, "ఇంకింత సల్లనీళ్ళు" అని కలిపించింది. పాత చీర చింపి, తడిపి, పిండి, పాప చంకల్లో, గజ్జల్లో, కాళ్ళ మీద తుడిచింది. వణుకొస్తే ఆపమంది. రగ్గు తీసి అవతల పారేసింది. నేను మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అని అడిగి తెచ్చిన డబ్బా చప్పరించి, "ఇది పెండ్లిల షర్బత్ లెక్కున్నది, పొడి తే" అంది. తిప్పి చూస్తే నిజంగానే అది పళ్ళరసం లాంటి డ్రింకు, పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. అలాంటి వాటి మీద ఆ పేరు ఉండకూడదని 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశాలిచ్చింది, దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఎనిమిదేళ్ళ పోరాటం ఉంది. పేపర్లో చదివి షేర్ కూడా చేశా. షాపులో అడిగినప్పుడు మాత్రం ఇచ్చింది తెచ్చుకున్నా. మళ్ళీ వెళ్ళి పొడి ప్యాకెట్ తెచ్చి లీటరు నీళ్ళలో కలిపా.

సాయంత్రం డబ్బులివ్వబోయా. వద్దనలేదు. కట్ట తీసుకుని, అందులోంచి ఒక్క ఇరవై రూపాయల నోటు ఉంచుకుని, మిగతాది టీవీ పక్కన పెట్టింది. "పొద్దుగాల దవాఖాన కాడ చాయ్ తాగిన. గా ఇరవై" అంది. ఫొటో తీసుకుంటానంటే, "నా ఫొటో ఎందుకు, నేనేమన్న ఎలక్షన్ల నిలవడ్డనా" అని కొంగు అడ్డం పెట్టుకుంది. పేరు కూడా రాయొద్దంది. రాయట్లేదు పెద్దమ్మా. ఇది నీకెవరైనా చదివి వినిపిస్తారని రాస్తున్నా. చెప్పుల సైజు నీ అల్లుణ్ణి అడిగా, ఏడట. కోపగించుకోకు.

మా అమ్మ గురువారం మధ్యాహ్నానికి బస్సెక్కి వచ్చేసింది. వచ్చినప్పటి నుంచి వంటా, దిష్టీ అన్నీ తనవే. థాంక్స్ అంటే తిడుతుంది. మా బావమరిది డబ్బు పంపాడు. మా ఆవిడకి రెండు రోజులు దాచి నిన్న చెప్పాను, తిట్టాల్సినవన్నీ తిట్టింది, ఆ తర్వాత పెద్దమ్మతో అరగంట మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పరట.

మూడో అంతస్తులో ఎదురింటి ఆంటీ సగ్గుబియ్యం జావ పంపారు, థాంక్స్ ఆంటీ. మా టీం లీడ్ "లాగిన్ అయ్యి ఉంటే చాలు" అన్నారు. అది సాయమో కాదో ఆలోచిస్తున్నా.

పాప లేచింది. జావ వద్దట, మ్యాగీ కావాలట. మళ్ళీ వస్తా.

అయ్యో, ఆటో అన్నని మర్చిపోయా! వాచ్‌మన్ తమ్ముడు వెనక గల్లీలో నిద్రపోతున్న మనిషిని లేపుకొచ్చాడు. ఆయన సిగ్నళ్ళు చూడకుండా తీసుకెళ్ళి, డబ్బులడక్కుండానే వెళ్ళిపోయాడు. అన్నా, నీ పేరు కూడా అడగలేదు. ఆ గల్లీ వాళ్ళెవరైనా చదివితే మా గేటు దగ్గరికి రమ్మని చెప్పండి, కిరాయి బాకీ ఉంది. వాచ్‌మన్ తమ్ముడికి కూడా థాంక్స్, పైన రాయడం మరిచా.

ఇంకొకటి, చెంచా పట్టుకొచ్చినవారు, బండి ఆపిన ఆయన, మీరూ ఆగారు కదా. చెంచా మా ఇంట్లోనే ఉండిపోయింది, స్టీలుది, వెనక "కె" అని చెక్కి ఉంది. ఎవరిదో చెప్పండి.