వార్షిక నివేదిక: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. మేధో వైకల్యం ఉన్న మన పిల్లల కోసం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది కనీస వేతనంపై జరిపిన చర్చా సభ. మేధో వైకల్యం ఉన్నవారికి కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వొచ్చా? అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టం, సెక్షన్ 14(సి) కింద సర్టిఫికెట్ తీసుకున్న యజమాని ఇవ్వొచ్చు. వైకల్యం లేనివాళ్లు అదే పని ఎంతసేపట్లో చేస్తారో చూసి, దాంతో పోల్చి కూలి కడతారు. అదెలా ఉంటుందో చూద్దామని మన యువ సభ్యుల పక్కనే కమిటీ వాళ్లనూ కూర్చోబెట్టి, స్టాప్‌వాచ్ పెట్టి ఉత్తరాలు మడిపించాం. మొదట్లో కమిటీదే పైచేయి. కాసేపటికి కబుర్లు, ఫోన్లు మొదలయ్యాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక అబ్బాయి మాత్రం అంచుకు అంచు కలిపి, గోటితో మడత నొక్కి, కవర్లో పెట్టి, ఇంకొకటి అందుకుంటూనే ఉన్నాడు. ఎప్పుడు కొలిచామన్నదాన్ని బట్టి జీతం మారిపోతుందని అందరికీ అర్థమైంది. చివరి లెక్కన మన కోశాధికారి గారికి సగం జీతమే వచ్చేది. ఆయనా నవ్వేశారు.

పూర్తి వేతనం తప్పనిసరి చేస్తే ఉన్న పనీ పోయి పిల్లలు ఇంట్లో కూర్చుంటారని కొందరు తల్లిదండ్రులు భయపడ్డారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ బ్రిటన్ 1998 కనీస వేతన చట్టంలో వైకల్యం పేరుతో మినహాయింపే లేదు. అమెరికాలోనే న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 2015లో ఆ వెసులుబాటు తీసేసింది. సమాన విలువ గల పనికి సమాన వేతనమని వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 27వ అధికరణం చెబుతోంది. పని నేర్పడానికి, తోడుండటానికి అయ్యే ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి గానీ కార్మికుడి జీతంలో కోయకూడదని మెజారిటీతో తీర్మానించాం. తీర్మానం ప్రభుత్వానికి పంపితే అందినట్టు రసీదు వచ్చింది, అంతే. తప్పకుండా వస్తానన్న అధికారి కుర్చీ సభ అయ్యేదాకా ఖాళీగానే ఉంది.

జమాఖర్చులు ఆడిటర్ గారు చూశారు, కాగితం జతచేశాం. కొద్దిగా మిగిలింది.

హాలు ఇచ్చినవారికి, మైకు చూసుకున్నవారికి, పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులకు, అన్నిటికన్నా ఉత్తరాలు మడిచిన యువ సభ్యులకు ధన్యవాదాలు. వాలంటీర్ల జాబితా పెద్దదే, కుర్చీలు సర్దేటప్పుడు మాత్రం ఎప్పటి మొహాలే. వచ్చే ఏడాది పనిచోట మన పిల్లలకు తోడుండేవారికి శిక్షణ పెడుతున్నాం. పేరు ఇచ్చేవాళ్లు ఈసారి ఏ రోజుల్లో వస్తారో కూడా రాయండి.

— కార్యదర్శి