చాప ఇచ్చి వెళ్లిన అవ్వకు, మా కోసం ప్రార్థించిన అందరికీ కృతజ్ఞతలు

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అందరికీ వందనాలు.

నిన్న సాయంత్రం మా ఆయనను మిర్యాలగూడలో మా ఇంటికి తీసుకొచ్చాం. ఇంకా నడవలేరు. కానీ మిషన్ సాయం లేకుండా ఊపిరి తీసుకుంటున్నారు, కుడిచేత్తో గ్లాసు పట్టుకుంటున్నారు. దేవునికి స్తోత్రం. ఫోన్లు చేస్తున్న అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక ఒంట్లో లేదు, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఇది రాయకుండా నిద్రపోవాలని లేదు.

ఆయనకు వచ్చింది గులియన్ బారే సిండ్రోమ్. విరేచనాలు తగ్గిన కొన్నాళ్లకు పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. అక్కడి నుంచి బలహీనత పైకి పాకి ఛాతీ వరకు వచ్చింది. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే నరాల మీద పడుతుందని డాక్టరమ్మ చెప్పారు. రైస్ మిల్లులో బస్తాలు మోసిన మనిషి కనురెప్పలతో తప్ప మాట్లాడలేని స్థితికి వచ్చారు. తెలివి పూర్తిగా ఉంది, మేం చెప్పేదంతా వింటున్నారు. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఐదు రోజులు ఎక్కించారు. ఆ తర్వాత చేయగలిగింది తక్కువ, ఎదురుచూడవలసింది ఎక్కువ. నరాలు కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, తొందరపెట్టలేం అన్నారామె.

మా తమ్ముడు, మరదలు, పిల్లలను చూసుకున్న మా అత్తమ్మ, బంగారం తీసి ఇచ్చిన మా అక్క... వాళ్ల గురించి ఇక్కడ ఏం రాయను? మా వాళ్లు.

రాయవలసింది అవ్వ గురించి. అచ్చంపేట వైపు పల్లె ఆమెది. పేరు అడిగితే ‘అవ్వ అను, చాలు’ అన్నది. మేడ కట్టే పనిలో కింద పడిన కొడుకు ఐసీయూలో ఉంటే, మా అందరిలాగే హైదరాబాదులోని ఆ ఆసుపత్రి హాల్లో నేల మీద పడుకునేది. మొదటి రాత్రి నా పక్కన కూర్చుని జొన్నరొట్టె చేతిలో పెట్టింది. ఏమైంది, ఎలా అయింది అని ఒక్క మాట అడగలేదు. బైబిలులో అంతా పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు, తర్వాత అతన్నే తప్పుపట్టినా, మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా అతనితో పాటు నేల మీద కూర్చున్నారని చదివాం కదా. వాళ్లు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉందని నాకు అక్కడ అర్థమైంది.

ఆ రోజుల్లో ఫోనులో నాకు చాలామంది ధైర్యం చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. కానీ కొందరు ‘ఏడవకు, ఎందుకని అడగకు, అరణ్యంలో దేవుని మీద సణిగిన ఇశ్రాయేలీయులకు ఏమైందో తెలుసు కదా’ అన్నారు. ఆ మాటలు విన్నాక ప్రార్థనకు మోకరిస్తే నోరు పెగిలేది కాదు. ఓర్పు అంటే నోరు కట్టుకోవడమే అయితే, లోపల ఉన్నదంతా ఎక్కడ పెట్టాలి?

అవ్వకు చదువు రాదు. ఒక రాత్రి నా బైబిలు చూసి, ‘ఎంతకాలమని దావీదు అడుగుతాడే, అది చదువు బిడ్డా’ అన్నది. పదమూడవ కీర్తన. ఆరే వచనాలు. నన్ను మరిచిపోయావా, ఇంకా ఎంతకాలం అని ఆయన దేవుణ్ణి మళ్లీ మళ్లీ అడుగుతాడు. ఎందుకు అడిగావని దేవుడు ఎక్కడా గద్దించలేదు. మధ్యలో శత్రువు ఓడిపోయాడని గానీ, కష్టం తీరిందని గానీ లేదు. అయినా చివరికి పాట పాడతానంటాడు. నేను చదువుతూ మొదటి వచనంలోనే ఆగిపోయి, అంతమందిలో గట్టిగా ఏడ్చాను. అవ్వ నా తల తన ఒడిలో పెట్టుకుంది. ‘ఆయన వెనక చెప్పుకుంటే అది సణుగుడు. ఆయన ముందే అడుగు. అడిగేదానివి ఆయన దగ్గర ఉన్నట్టే కదా’ అన్నది. ఎన్నో ఏళ్లుగా సంఘానికి వెళ్తున్నాను, సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నాకు ఈ మాట ఇలా ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి నుంచి నేను రోజూ అడిగాను. అడుగుతూనే నిలబడ్డాను.

లూకా సువార్త పద్దెనిమిదిలో, న్యాయం కోసం అన్యాయపు న్యాయాధిపతి దగ్గరకు పదే పదే వెళ్లిన విధవరాలి గురించి కూడా అవ్వే గుర్తు చేసింది. విసుగు చెందకుండా ప్రార్థించాలని చెప్పడానికి యేసు ప్రభువు చెప్పిన ఉపమానం అది. దేవుడు ఆ అన్యాయపు న్యాయాధిపతి లాంటివాడు కాడు. కానీ ఆసుపత్రి కౌంటర్ల ముందు పేదవాళ్లను ఆ విధవరాలిలాగే తిప్పుతున్నారు. ఆరోగ్యశ్రీ మా లాంటి ఇళ్లకు ప్రాణం. 2023 డిసెంబరులో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, ఆ మేలు నేను కాదనను. అయితే ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకో కార్డులో వెనుక ఉందని ఆ కౌంటరులో కాగితం ఎన్నిసార్లు వెనక్కి ఇచ్చారో! మనిషి వెంటిలేటరు మీద ఉంటే భార్య జిరాక్సు షాపుకు పరుగెత్తాలా? రోగితో వచ్చినవాళ్లకు పడుకోవడానికి ఒక గది, ఆడవాళ్లకు తలుపు గడియ పడే బాత్రూము అడగడం పెద్ద కోరిక కాదు. చేతిలో అధికారం ఉన్నవారు ఎవరైనా ఇది చదివితే దయచేసి ఆలోచించండి.

అవ్వ కొడుకును ఇక ఇంటికి తీసుకెళ్లమని చెప్పేశారు. అంబులెన్సు కింద ఆగి ఉంది. ఆమె ఆ గొడవలోనూ మెట్లెక్కి పైకి వచ్చి, తన ప్లాస్టిక్ చాప, దుప్పటి నా చేతిలో పెట్టింది. ‘నీకు ఇంకా ఎన్నాళ్లో. నేల చల్లగా ఉంటుంది’ అన్నది. కన్నకొడుకును అలా తీసుకుపోతూ నా నడుము గురించి ఆలోచించిన తల్లి! నేను ఏమీ అనలేకపోయాను, కాళ్లు పట్టుకుంటే లేపి ‘అడగడం మానకు’ అని వెళ్లిపోయింది. ఫోను నంబరు కూడా తీసుకోలేదు. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు సంఘాల వారు ఎవరికైనా ఈ తల్లి తెలిస్తే, మా ఆయన చేయి కదిలిందని చెప్పండి. ఆమె కోసం మా ఇంట్లో రోజూ ప్రార్థిస్తున్నామని, కొడుకు గురించి అడిగామని చెప్పండి.

మా పాస్టర్ గారికి, ఉపవాస ప్రార్థనలు చేసిన స్త్రీల సమాజానికి, జీతం ముందుగా ఇచ్చిన మిల్లు యజమానికి వందనాలు. నల్లగొండ నుంచి హైదరాబాదు వరకు దారి పొడవునా ధైర్యం చెప్పిన అంబులెన్సు డ్రైవరు తమ్ముడిని కూడా మరువలేను. ఐసీయూలో ఆయన కనురెప్పల సైగలు అందరికంటే ముందు అర్థం చేసుకున్న నర్సమ్మకు, వేళ్లు ఒక్కొక్కటే కదిలించిన ఫిజియోథెరపీ అమ్మాయికి కూడా.

ఆయన కూర్చోగలిగాక కృతజ్ఞతా కూడిక పెడతాం, తేదీ సంఘంలో చెబుతారు. పళ్లు, బిస్కెట్లు తేవద్దు, డాక్టరమ్మ చెప్పిన ఆహారమే పెడుతున్నాం. జలుబు, దగ్గు ఉన్నవారు తగ్గాక రండి.

అయ్యో, పక్కింటి సలీం భాయ్‌ని మరిచాను. మేం లేనన్ని రోజులూ మా మేకలకు మేత వేసింది ఆయన, వాళ్ల పిల్లలే. భాయ్, మీకూ మా వందనాలు.