చిట్టికి నాన్న ఉత్తరం

యలహంక,
ఆదివారం రాత్రి

చిట్టీ,

నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. గబ్బిలాల మీద పరిశోధనకని నువ్వు తిరిగే కోలారు పక్క పల్లెల్లో సిగ్నల్ అంతంతమాత్రమని తెలుసు, అందుకే ఆ మాట ఎత్తను. ఇక్కడ అందరం బాగున్నాం. పెరట్లో కరివేపాకు మళ్లీ చిగురేసింది. నిన్న పెద్దత్త వచ్చి, నీకు జ్వరమట, గబ్బిలాల నుంచి మలేరియా పట్టిందట అని గుడిలో ఎవరో అనుకుంటున్నారని చెప్పింది. అప్పటినుంచి అమ్మ సరిగ్గా తినలేదు.

నేనే సర్దిచెప్పాను. దీపావళికి వచ్చినప్పుడు గబ్బిలాల రక్తపు స్లయిడ్ ఫొటోలు చూపించావు కదా. మనుషుల మలేరియా అయితే ఎర్రకణంలో నీలపు ఉంగరం, దానికి ఎర్రరాయి పొదిగినట్టు ఒక చుక్క. ముప్పై ఏళ్లు రక్తపరీక్షల ఉద్యోగంలో అదే చూసిన నా కన్ను, గబ్బిలం రక్తంలోనూ దాన్నే వెతికింది. "ఇది పాలీక్రోమోఫిలస్ నాన్నా, గబ్బిలాల మలేరియా క్రిమి, రక్తంలో సంతానం పెంచదు, అక్కడ కనబడేవి ఆడ, మగ రూపాలే" అన్నావు. దీన్ని మోసేది దోమ కాదు, గబ్బిలం బొచ్చులో సాలీడులా పాకే రెక్కల్లేని ఈగ అనీ చెప్పావు. అదంతా అమ్మకు వివరించాను. "అయితే ఫోన్ ఎందుకు చెయ్యదు?" అంది.

నా భయం ఆ ఈగ గురించి కాదు, ఊళ్లో దోమ గురించి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వానాకాలం రోజుకు అరవై స్లయిడ్లు వచ్చేవి. బస్సు తప్పిపోతుందని ఒక పిల్లాడి స్లయిడ్‌ను మైక్రోస్కోపు కింద జరుపుతూ వంద ఫీల్డులు, అంటే వంద చోట్ల, చూడాల్సింది ఇరవై చూసి 'లేదు' అని రాసేశాను. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారగానే వెళ్లి, నూనె చుక్క వేసి మళ్లీ మొదటి నుంచి జరుపుతూ వచ్చాను. అరవై దాటాక ఒక్క ఉంగరం. సైకిల్ మీద వాళ్ల ఊరికి పోతే పిల్లాడు వాకిట్లో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. మాత్రలు వేయించి మూడు రోజులు తిరిగాను. బతికాడు. ఇప్పటికీ జ్వరం అన్న మాట వింటే నాకు కుదురుండదు.

అందుకే, ఒళ్లు వెచ్చబడితే అలసట అనుకోకు, వెంటనే రక్తపరీక్ష చేయించుకో. గుహలోకి నిండు చేతుల చొక్కా, గ్లవ్స్ లేకుండా దిగకు. గబ్బిలం కరిస్తే సబ్బు నీళ్లతో పావుగంట కడుగు, రేబిస్ టీకా వేయించుకున్నాను కదా అని ఊరుకోక ఆసుపత్రికి పో. బసలో తొట్టి నీళ్లు నిలవనీయకు. డాక్టరు రొనాల్డ్ రాస్ దొర సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టింది 1897లో. కానీ 1883లోనే ఇదే బెంగళూరులో తన బంగళా దగ్గరి తొట్టి ఒలకబోయించి దోమలు తగ్గడం చూశాడు.

హనుమనహళ్లి గుహలో తప్ప లోకంలో ఎక్కడా లేవన్న ఆ గబ్బిలాలు కనబడ్డాయా? ఫోన్ చేసినప్పుడు చెప్పు.

శీను చేతికి డబ్బా ఇస్తున్నాను. పైన జంతికలు, కింద ఆవకాయ, పక్కన గుడ్డలో చుట్టింది థర్మామీటర్. రాత్రి పడుకునే ముందు ఒకసారి పెట్టి చూసుకో. డబ్బా అందాక మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు, అమ్మ ఫోన్ దిండు కిందే పెట్టుకుంటోంది.

నాన్న