నా ఇంగ్లీషును ఓపిగ్గా విన్నవాళ్ళకు

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో నర్సుగా చేరడానికి రాసిన ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష ఫలితాలు మొన్న వచ్చాయి. లిజనింగ్ 380, రీడింగ్ 350, స్పీకింగ్ 370, రైటింగ్ 330. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ మొదటి మూడింటిలో బి గ్రేడు, అంటే 350 అడుగుతుంది. రైటింగ్‌లో సి ప్లస్, అంటే 300 చాలు. రీడింగ్ అంచు మీద నిలబడింది గానీ, నిలబడింది. రెండు రోజుల పాటు ఎవరికి ఫోన్ చేసినా మాట రాక ఏడుపే వచ్చింది. అందుకే చెప్పాల్సినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టుల్లాంటి 12 వైద్య వృత్తులవాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ. నర్సులకైతే స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి. మనం నర్సు, ఎదుటి మనిషి పేషెంటు. ఒక్కొక్కటి ఐదు నిమిషాలు.

నాది వినుకొండ దగ్గర ఒక పల్లె. పది దాకా తెలుగు మీడియం. గుంటూరులో జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్ళుగా చేస్తున్నాను. కేస్ షీటులో రాసేదంతా ఇంగ్లీషు, నోటితో మాట్లాడేదంతా తెలుగు. మందుల పేర్లు, జబ్బుల పేర్లు నాకు బాగా తెలుసు. వాటి చుట్టూ ఒక వాక్యం అల్లడమే రాదు. రెండేళ్ళ క్రితం ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. క్లాసులో అరవై మందిమి. మూడు నెలల్లో నాతో మాట్లాడించింది రెండే రెండుసార్లు. నైట్ డ్యూటీలు పడి మానేస్తే కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. అది ఇంటికి పంపాల్సిన డబ్బు. ఆ సంగతి అమ్మకు చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా హైస్కూల్ ఇంగ్లీషు మాస్టారు ఇంటికి వెళ్ళాను. రిటైరై పదేళ్ళయింది. అంతా విని ఆయన అన్నది ఇదే: "పాఠాలకేం తక్కువమ్మా, నీ చేతిలో ఫోన్ నిండా ఉన్నాయి. నువ్వు పైకి చదువు, నేను వింటా." ఆ మరుసటి వారం నుంచి రాత్రి ఎనిమిదిన్నరకు ఇరవై నిమిషాలు. నైట్ డ్యూటీ ఉంటే ఆ ఇరవై నిమిషాలు పొద్దున్న ఏడున్నరకు మారేవి. పద్నాలుగు నెలల్లో ఆయన ఫోన్ ఎత్తని రోజులు నా లెక్కలో మూడు. ఒకసారి కంటి ఆపరేషన్, రెండుసార్లు ఊళ్ళో కరెంటు పోయి చార్జింగ్ లేక.

మాస్టారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో నాకు తెలియడం లేదు. ఒక్క వయల్ సంగతి చెబుతాను.

మందు సీసాను మనం వయల్ అంటాం. "ఒక పని జరుగుతుండగా" అనే అర్థంలో వాడే వైల్ అనే మాట కూడా ఇంగ్లీషులో ఉంది. నా నోట్లో ఈ రెండూ ఒక్కలాగే వచ్చేవి. "మనకు వ ఒక్కటేనమ్మా, వాళ్ళకు రెండు" అన్నారు మాస్టారు. మందు సీసా వయల్‌కి పైపళ్ళు కింది పెదవిని తాకాలి, గాలి రాసుకుంటూ రావాలి. రెండోదానికి పళ్ళతో పని లేదు, ఈల వేసేటప్పటిలా పెదవులు గుండ్రంగా చుట్టాలి. వెయిన్, వామిట్, సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే వెన్‌ఫ్లాన్ అంటే పళ్ళు. వార్డు, వూండ్, వాటర్ అంటే పెదవులు. ఇది అర్థమయ్యాక మందుల గదిలో నిజంగానే ఒక వయల్ చేత్తో పట్టుకుని, గోడకున్న చిన్న అద్దంలో నా పెదవులు చూసుకుంటూ రోజుకు యాభైసార్లు అనేదాన్ని. నెలన్నర పట్టింది.

మాస్టారికి తన ఉచ్చారణ మీద కూడా అంత నమ్మకం ఉండేది కాదు. "నేను మా మాస్టారి దగ్గర నేర్చుకున్నా, ఆయన ఇంకొకాయన దగ్గర. దొర నోటి నుంచి విన్నవాళ్ళం కాదు" అనేవారు. అందుకని ఇద్దరం కేంబ్రిడ్జి డిక్షనరీ తెరిచి, మాట పక్కనున్న స్పీకర్ బొమ్మ నొక్కి వినేవాళ్ళం. బ్రిటిషు గొంతు ఒకటి, అమెరికా గొంతు ఒకటి, రెండూ ఉచితమే. అందులో ఇంగ్లీషు "e" అక్షరం తలకిందులుగా రాసిన గుర్తు ఒకటి ఉంటుంది. కంఫర్టబుల్ లాంటి మాటల్లో మనం నిండుగా పలికే అక్షరాలను వాళ్ళు దాదాపు మింగేస్తారని ఆ గుర్తు చెబుతుంది. దాని సంగతి తెలిసిన రోజు ఆయన ఎంత సంబరపడ్డారో. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి, "నేనూ నీతోబాటే నేర్చుకుంటున్నానమ్మా" అన్నారు.

ఇక పాఠాల గురించి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ళ "సిక్స్ మినిట్ ఇంగ్లీష్" నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. ఇద్దరు మాట్లాడుకుంటారు. మొదట్లో ఒక ప్రశ్న వేస్తారు, జవాబు చివర్లో చెబుతారు, మధ్యలో ఆరు కొత్త మాటలు. వాళ్ళు మాట్లాడిందంతా కింద అచ్చులో ఉంటుంది. గుంటూరు నుంచి నరసరావుపేట మీదుగా ఊరెళ్ళే బస్సులో మొదటిసారి అచ్చు చూడకుండా వినేదాన్ని. రెండోసారి చూస్తూ. మూడోసారి వాళ్ళ గొంతు వెనకాలే నా గొంతు కలిపి, పక్క సీటువాళ్ళకు వినబడకుండా. బీబీసీ 1943 నుంచి ఇంగ్లీషు నేర్పుతోందని తెలిసినప్పుడు, మా అమ్మమ్మ పుట్టకముందు నుంచీ ఈ బడి నడుస్తోందా అనిపించింది.

అది కూడా అందని రోజుల్లో వాయిస్ ఆఫ్ అమెరికా పాఠాలు నన్ను పట్టుకున్నాయి. 1959లో మొదలైన పద్ధతి అది. సుమారు 1500 మాటలతోనే, నిదానంగా, ఒక్కో మాట విడదీసి వార్తలు చదివేవారు. నేను విని పూర్తిగా అర్థం చేసుకున్న మొదటి ఇంగ్లీషు వార్త వాళ్ళదే. 2025 మార్చిలో ఆ సంస్థ ప్రసారాలు ఆపేశారని విన్నప్పుడు తెలిసినవాళ్ళ ఇల్లు తాళం పడినట్టు బాధేసింది. అప్పటికే ఫోన్‌లో దింపుకున్నవి ఇప్పటికీ నా దగ్గరున్నాయి, ఎప్పటికీ తీసెయ్యను. బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ళ లెర్న్ఇంగ్లీష్‌లో ఏ2 అనే రెండో మెట్టు నుంచి మొదలుపెట్టి గ్రామర్ చేశాను. ఓఈటీ వాళ్ళే ఉచితంగా పెట్టిన నమూనా పేపర్లు చివరి మూడు నెలలూ చేశాను. కొన్న పుస్తకం ఒక్కటీ లేదు. పరీక్ష ఫీజు మాత్రం తప్పలేదు.

ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటువు పెట్టినవాళ్ళకు ప్రత్యేకంగా దండం. బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువుతో సహా ఎన్నో నిఘంటువులు అక్కడ ఒకేచోట వెతుక్కోవచ్చు. నాకది వేరే రకంగా పనికొచ్చింది. మన పేషెంట్లు నొప్పి అని ఊరుకోరు కదా. సలుపుతోంది అంటారు, పోటు అంటారు, లాగేస్తోంది, మంట, తీపు, తిమ్మిరి అంటారు. ఇన్నేళ్ళూ ఇవన్నీ విని షీటులో "పెయిన్" అని ఒక్క మాట రాసి వదిలేశాను. ఒక నోట్‌బుక్‌లో ఎడమవైపు మనవాళ్ళ మాట రాసుకుని, నిఘంటువుల్లో వెతికి, కుడివైపు ఇంగ్లీషు రాసుకుంటూ వచ్చాను. సలుపుకు త్రాబింగ్, పోటుకు స్టాబింగ్, తిమ్మిరికి పిన్స్ అండ్ నీడిల్స్. పరీక్షలో నా పేషెంటు సరిగ్గా ఆ తిమ్మిరి గురించే చెప్పింది. ఇప్పుడు వార్డులో కూడా ఎక్కడ, ఎలాంటి నొప్పి అని ముందుకన్నా ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతున్నాను.

మా హాస్టల్ గదిలో ఉన్న కేరళ చేచీ (వాళ్ళ భాషలో అక్క) లేకపోతే స్పీకింగ్ పాసయ్యేదాన్ని కాదు. నా ఏడుపు పేషెంటు వేషం అంతా తనే వేసింది, వందసార్లకు పైగా. మొదటి రోల్‌ప్లేలో తను కేన్సర్ అని తెలిసి ఏడుస్తున్న మనిషి. నేను తెలుగులో అనే "ఏం కాదమ్మా, ఊరుకో" మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి, ఏమీ జరగదు, నోరు మూసుకో అనే అర్థం వచ్చేలా అనేశాను. చేచీ ఏడుపు ఆపి నన్నే చూసింది. నా మనసులో ఉన్నది ఓదార్పు, నోట్లోంచి వచ్చింది కసురు. ఆ రాత్రి మాస్టారితో చెబితే చాలాసేపు ఆలోచించి, "ఊరుకో అన్నప్పుడు నీ చెయ్యి ఎక్కడుంటుందమ్మా?" అని అడిగారు. వాళ్ళ భుజం మీద ఉంటుంది. "ఆ చెయ్యి చేసే పనిని అక్కడ మాటతో చెయ్యాలి" అన్నారు. మర్నాడు చేచీ నాకు నేర్పింది: మీకు ఇది ఎంత కష్టంగా ఉందో నాకు కనబడుతోంది, తొందర లేదు, నేను ఇక్కడే ఉన్నాను. ఈ మూడు ముక్కలూ ఇంగ్లీషులో తడబడకుండా అనడానికి వారం పట్టింది. పరీక్షలో అన్నాను. చేచీ, నీకు తెలుగు చదవడం రాదు, ఇది నీకు ఫోన్‌లో చదివి వినిపిస్తాను.

పరీక్ష ముందు పదిరోజులు నా నైట్లు తీసుకున్న ఇద్దరు అక్కలకు, డ్యూటీ చార్టు మార్చిన ఇన్‌చార్జి సిస్టర్‌కు, నా పాత ఫోన్ చచ్చిపోతే తన ఫోన్ ఇచ్చి రెండు వారాలు బటన్ ఫోన్‌తో గడిపిన తమ్ముడికి థ్యాంక్స్. డబ్బు పోయిన సంగతి చెప్పిన రోజు ఒక్క మాట కూడా అనకుండా అన్నం పెట్టిన అమ్మకు కూడా.

గుంటూరులో గానీ, చుట్టుపక్కల గానీ ఇలాగే తెలుగు మీడియంలో చదివి ఓఈటీకి కూర్చుంటున్న నర్సులుంటే, పైకి చదువుతుంటే వినే మనిషి కావాలంటే, నాకు మెసేజ్ పెట్టండి. వీసా పనులు అయ్యేదాకా ఇక్కడే ఉంటాను. డ్యూటీ లేని మధ్యాహ్నాలు, సాయంత్రం ఏడు దాకా ఎప్పుడైనా సరే. ఎనిమిదిన్నర మాత్రం మాస్టారిది. ఫలితాలు వచ్చాయి కదా, ఇక మీకు శ్రమ ఎందుకు అంటే ఆయన ఒప్పుకోలేదు. రేపటి పాఠం ఆయనే ఎంచి పెట్టారు.