పెట్రాలో మా అమ్మని ఆదుకున్న ఆవిడకి

జోర్డాన్‌లోని ప్రాచీన రాతి నగరం పెట్రాలో, 'సీక్' అనే ఇరుకు కొండచీలిక గుండా ఖజానా కట్టడం దాకా అమ్మ హుషారుగానే నడిచింది. కొండ మీదున్న 'అద్ దైర్' అనే పెద్ద కట్టడానికి ఎక్కే 800కు పైగా మెట్ల మధ్యలో ఎండకి కళ్లు తిరిగి కూలబడింది. టెన్షన్‌తో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అక్కడ పూసల దండలు అమ్ముకునే బెదూయిన్ (ఎడారి తెగ) పెద్దావిడ బేరం సగంలో వదిలేసి వచ్చారు. అమ్మని తన గుడారం నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డ మెడకి చుట్టి, నీళ్లు గుక్కగుక్కగా తాగించారు. కొనేవాళ్లు వచ్చినా ఆగమని సైగ చేసి, అమ్మ అరికాళ్లు రుద్దుతూనే కూర్చున్నారు. (ఆ మెట్ల మీద ఒక్క బేరం పోవడమంటే చిన్న విషయమేం కాదు.) డబ్బివ్వబోతే నా చెయ్యి వెనక్కి నెట్టేశారు.

పూర్వం పెట్రాని కట్టిన నబాతీయులు కొండని తొలిచి చెక్కిన ఆ అద్ దైర్‌ని అమ్మ చూడలేదు. ఇంట్లో అందరికీ మీ గురించే చెబుతోంది. మీకు మా నమస్కారాలమ్మా.