వారానికి రెండు సాయంత్రాలు చాలు

సంపాదకులకు నమస్కారం.

మాది చెన్నై, వేళచ్చేరి. అమెరికాలో ఆశ్రయం దొరికిన ఒక అఫ్గాన్ తల్లితో వారానికి రెండు సాయంత్రాలు వీడియో కాల్‌లో ఇంగ్లీషు మాట్లాడిస్తున్నాను. మనకు రాత్రి ఏడైతే ఆమెకు పొద్దున, పిల్లలు బడికి వెళ్లిన వేళ. గ్రామర్ కాదు, పిల్లల బడి నుంచి వచ్చిన కాగితం, కరెంటు బిల్లు, డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో చెప్పడం, ఇవే మా పాఠాలు. అక్కడ ఇల్లు మారితే పది రోజుల్లోగా ఇమ్మిగ్రేషన్ శాఖకు కొత్త అడ్రస్ తెలపాలట, ఆ ఒక్క ఫారం గురించే ఆమె ఎంత టెన్షన్ పడిందో! చట్టం విషయాల్లో మాత్రం మనం సలహా ఇవ్వకూడదు, లాయరు దగ్గరికే పంపాలి. అఫ్గానిస్తాన్‌లో ఏం జరిగిందని తవ్వి అడగకూడదు, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకూడదు.

అంత దూరం ఎందుకు, 1983 నుంచి వచ్చిన శ్రీలంక తమిళులు మన తమిళనాడులోనే ఇంకా శిబిరాల్లో ఉన్నారు. తమిళం చదవడం వచ్చిన మన తెలుగు పిల్లలు అక్కడి పిల్లలకు ఫోన్‌లో లెక్కలు చెప్పలేరా? ఊరు కొత్తయినప్పుడు బస్సు బోర్డు కూడా చదవలేక నిలబడిన రోజులు మనకూ ఉన్నాయి కదా. ఆసక్తి ఉన్నవాళ్లు ఇలా సాయం చేసే వీలుందేమో ముందు తమ కాలేజీలో అడిగి చూడండి.

– ఒక పాఠకురాలు, చెన్నై