శీనుకి ఉత్తరం: పాత స్లెడ్ కొనే ముందు

డలూత్, మినసోటా
అక్టోబరు నెలాఖరు

ఒరేయ్ శీనూ,

పాత స్లెడ్, అంటే మంచు మీద నడిచే స్నోమొబైల్, కొంటానంటూ నువ్వు పంపిన రెండు ప్రకటనలూ చూశాను. నీ మనసు మొదటిదాని మీద ఉందని నీ మెసేజిలోనే తెలిసిపోయింది. ఫోటోల్లో బండి నిగనిగలాడుతోంది, ధర కూడా అందుబాటులో ఉంది. అయినా దాని జోలికి పోకురా. 700 సీసీ, మూడు సిలిండర్లు, లిక్విడ్ కూల్డ్, పాతికేళ్ళ పైబడిన బండి. పైగా నిరుడు బాగా నడిచింది గానీ ఈ ఏడాది స్టార్ట్ చెయ్యలేదని అమ్మేవాడే రాశాడు. స్టార్ట్ అయ్యే బండైతే స్టార్ట్ చేసి వీడియో పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు కదా.

నీకేం కావాలో నువ్వే రాశావు. వారాంతాల్లో ట్రైల్ మీద, అంటే స్లెడ్‌ల కోసం చదును చేసిన మంచు దారి మీద, తిరగాలి, అప్పుడప్పుడు చెల్లెమ్మ కూడా నడపాలి, చేపలు పట్టడానికి సరస్సు మీదికి వెళ్ళాలి, అడవి మధ్యలో ఆగిపోకూడదు, ఖర్చు చేతిలో ఉండాలి. ఈ కోరికలన్నీ తీర్చేది 340 నుంచి 550 సీసీ లోపు, రెండు సిలిండర్ల, ఫ్యాన్ కూల్డ్ టూ స్ట్రోక్ బండి. నువ్వు "పాతకాలపుదిలా ఉంది" అని పక్కన పెట్టిన రెండో ప్రకటన సరిగ్గా అలాంటిదే. మిషిగన్‌లో మీ హోటన్‌కి కాలవ అవతలున్న హాన్‌కాక్‌లోని ఆ బండి, పొలారిస్ కంపెనీ 1990ల్లో చేసిన ఇండీ ట్రైల్ 488 గురించే నేనీ ఉత్తరం రాస్తున్నాను.

ఫ్యాన్ బండే ఎందుకంటావా? లిక్విడ్ కూల్డ్ బండిలో నీళ్ళ పంపు, గొట్టాలు, టనల్ (సీటు కింద ట్రాక్‌ని కప్పి ఉండే రేకు) అడుగున వేడిని బయటికి పంపే హీట్ ఎక్స్‌ఛేంజర్లు ఉంటాయి. ట్రాక్, అంటే బండిని నడిపే రబ్బరు పట్టా, ఎగజిమ్మే మంచు ఆ ఎక్స్‌ఛేంజర్లకి తగిలితేనే ఇంజన్ చల్లబడుతుంది. డిసెంబరు మొదట్లో పలచటి మంచు మీదా, మార్చిలో గట్టిపడిన ఐసు మీదా పైకి ఎగిరేదేమీ ఉండదు. వేడి ముల్లు పైకి పాకుతుంటే నువ్వు పక్కనున్న మెత్తటి మంచు వెతుక్కుంటూ పోవాలి. అది కొత్తబండికే తప్పదు. పాతికేళ్ళ బండిలో అయితే ఆ గొట్టాలూ సీళ్ళూ ఎక్కడ కారతాయో ఎవరూ చెప్పలేరు. ఫ్యాన్ బండిలో ఈ తతంగం ఏమీ లేదు. ఒక ఫ్యాన్ సిలిండర్ల రెక్కల మీదికి గాలి కొడుతుంది, అంతే. దాని బెల్టు పగుళ్ళు లేకుండా, తగినంత బిగువుగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

టూ స్ట్రోక్ మనకి కొత్తేం కాదు. మీ అన్నయ్య ఆర్‌ఎక్స్ 100 బైకు గుర్తుందా? ప్లగ్ విప్పి, రంగు చూసి, ఉప్పు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించేవాడు. ఆ జ్ఞానం ఇక్కడా అక్షరాలా పనికొస్తుంది. ప్లగ్ కొస కాఫీపొడి రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉంది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం ప్రమాదం, పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కిపోతోందని అర్థం. చలి దేశంలో దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. చలి పెరిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది, కానీ కార్బురేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) సైజు మారదు కాబట్టి ఆ గాలికి తగినంత పెట్రోలు రాదు. సున్నా డిగ్రీలకి కుదిరిన జెట్లు మైనస్ ముప్పైలో పిస్టన్‌ని కరిగించెయ్యగలవు. మైలేజీ కోసం చిన్న జెట్లు వేయించానని అమ్మేవాడు గొప్పగా చెబితే, ఆ ఇంజన్‌ని ఒకటికి రెండుసార్లు అనుమానించు.

ఇక ఏ బండి అన్నది. ఇండీ అనే పేరు 1980లో మొదలైంది. ముందు స్కీలు దేనికది కదిలే సస్పెన్షన్‌తో వచ్చిన ఆ వంశం 1990లంతా ఈ ప్రాంతాన్ని ఏలింది. పొలారిస్ పుట్టింది మా రాష్ట్రంలోనే, కెనడా సరిహద్దు దగ్గరున్న రోజో అనే చిన్న ఊళ్ళో, 1954లో. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన ఎడ్గర్ హెటీన్ తర్వాత బయటికొచ్చి, థీఫ్ రివర్ ఫాల్స్‌లో పెట్టిన కంపెనీయే ఆర్కిటిక్ క్యాట్ అయింది. ఈ రెండు ఊళ్ళ బండ్లు ఇటువైపు ప్రతి షెడ్డులోనూ ఉంటాయి. అందుకే నీకు ఇండీ మంచిదంటున్నాను. ఇరుసులు, స్కీలు, క్లచ్‌లు, హుడ్‌లు, ఏది విరిగినా పాతబండ్ల యార్డుల్లో దొరుకుతుంది. ఆ 488 ఇంజన్ చేసింది జపాన్ ఫ్యూజీ హెవీ ఇండస్ట్రీస్, సుబారు కార్ల కంపెనీయే. దాన్ని విప్పి బిగించినవాళ్ళు మీ చుట్టుపక్కల ఊరికొకరు ఉంటారు.

ఇండీ చేజారితే యమహా ఫేజర్ చూడు. 1984లో వచ్చింది, 485 సీసీ ఫ్యాన్ బండి, తేలిక. మొదటి మోడళ్ళలో హెడ్‌లైట్ హ్యాండిల్‌తో పాటు తిరిగేది, నాకు భలే ఇష్టం. యమహా బ్రావో అయితే 250 సీసీ, నెమ్మదైన పనిమంతురాలు. చెల్లెమ్మ నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. యమహా 2025 మోడళ్ళతో స్నోమొబైళ్ళు ఆపేస్తానని 2023లో ప్రకటించింది, విడిభాగాలు మాత్రం ఇస్తూనే ఉంటానంది. రోటాక్స్ 503 ఇంజన్ ఉన్న స్కీడూ బ్రాండు బండ్లు, ఫ్యాన్ ఇంజన్ ఉన్న ఆర్కిటిక్ క్యాట్ జాగ్‌లూ మంచివే. కానీ ఏ పేరైనా సరే, బండి స్థితి బాగుంటేనే.

స్థితి ఎలా చూడాలో వివరంగా చెబుతాను, ఇక్కడ తొందరపడకు. వెళ్ళే ముందే ఫోన్ చేసి, నేనొచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని అడుగు. వెళ్ళగానే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఎందుకు వేడిచేశావని అడుగు. చల్లటి ఇంజన్ చోక్ వేసి స్టార్టరు తాడు నాలుగైదుసార్లు లాగితే అందుకోవాలి. మొదట నీలిపొగ రావడం మామూలే, కంగారుపడకు. వేడెక్కాక ఐడిల్ నిలకడగా ఉండాలి. యాక్సిలరేటర్ వదిలాక కూడా ఇంజన్ అరుస్తూ ఉండి ఆలస్యంగా దిగుతుంటే, ఎక్కడో గాలి లోపలికి పీలుస్తోంది. చాలాసార్లు అది క్రాంక్ సీలే, అంటే క్రాంక్ షాఫ్ట్ కొస దగ్గర గాలి చొరబడకుండా ఆపే సీలే, అవుతుంది, దాని కోసం ఇంజన్ దింపాలి.

ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూడకుండా సంతలో డబ్బు లెక్కపెట్టరు కదా, ఇక్కడ కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, చూడటం అలాంటిది. గేజి ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు. రెండు ప్లగ్‌లూ విప్పి, క్యాపులు బాడీకి తగిలించి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ముల్లు పెరగడం ఆగేదాకా తాడు లాగు. ఇలాంటి ఇంజన్లలో 120 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉంటే సంతోషం. అంకె ఎంతన్నదాని కన్నా రెండు సిలిండర్లూ సమానంగా ఉండటం ముఖ్యం. తేడా పది శాతం దాటితే ఒక పిస్టనో రింగులో దెబ్బతిన్నట్టే.

తర్వాత హుడ్ ఎత్తి డ్రైవ్ బెల్టు తీయించు. అంచులు నూలు పోగుల్లా చిరిగిపోయినా, పక్కలు గాజులా మెరుస్తున్నా కొత్తది కొనాలి. బెల్టు తీశాక ముందు క్లచ్‌ని పైకీ కిందికీ కదిపి చూడు. వదులుగా కదులుతోందంటే క్రాంక్ బేరింగు అరిగిందన్నమాట. అలాంటి బండికి ధర ఎంత తగ్గించినా వచ్చేయ్. చెయిన్‌కేస్ (ట్రాక్‌ని తిప్పే చెయిన్ ఉండే పెట్టె) నూనెలో ఇనుప రజను తళతళలాడితే అదీ మంచి గుర్తు కాదు. గాలి పెట్టెలో ఎలుకల గూడు ఉందేమో చూడు. వేసవంతా షెడ్డులో పడున్న బండ్లలో అది మామూలు, ఆ చెత్త కార్బురేటర్లోకి పోతే కష్టం.

వెనక బంపర్ పట్టి ఎత్తి స్టాండు మీద పెట్టి ట్రాక్ చుట్టూ చూడు. లగ్గులు, అంటే ట్రాక్ మీది రబ్బరు పళ్ళు, ఊడాయా, రబ్బరులోంచి దారాలు బయటపడ్డాయా, అంచులు చిరిగాయా చూసుకో. ట్రాక్ తిప్పేటప్పుడు బండి వెనక ఎవరూ నిలబడకూడదు, ఐసు ముక్కలు తూటాల్లా వస్తాయి. కొత్త ట్రాక్‌కి కొన్ని వందల డాలర్లు అవుతుంది. అంటే బండి ధరలో సగం దానికే పోవచ్చు, బేరం అక్కడ గట్టిగా ఆడు. పట్టాల మీది ప్లాస్టిక్ స్లైడులు, అంటే హైఫాక్స్, అరుగుదల గీత దాటాయేమో చూడు. స్కీల కింద ఐసుని పట్టే కార్బైడ్ కడ్డీలు, చక్రాల బేరింగులు చవకే, వాటికి బెదరకు. స్కీ కొసలు పట్టుకుని ఊపి చూడు. ఆ తర్వాత సీటు తీయించి టనల్ మీదా, ముందు బల్క్‌హెడ్ (ఇంజన్‌ని మోసే చట్రం) మీదా పగుళ్ళు, వెల్డింగులు వెతుకు. గుద్దుకున్న బండి నేరుగా పోదురా, దాన్ని ఎవరూ పూర్తిగా సరిచెయ్యలేరు.

మైలు మీటరుని నేను పెద్దగా పట్టించుకోను. పాత బండ్లలో దాని కేబుల్ తెగిపోయి మీటరు ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉంటుంది. ఎక్కువ తిరిగినా ఒకే యజమాని చేతిలో, షెడ్డులో, బెల్టు రసీదులతో సహా ఉన్న బండికే నా ఓటు.

డబ్బు సంగతి. ఇలాంటి బండి మంచి స్థితిలో ఉంటే నేను చూసినంతలో 1,000 నుంచి 2,000 డాలర్ల మధ్య దొరుకుతోంది. నీ దగ్గర 1,800 ఉంటే 1,800 బండి కొనకు. 1,200 బండి కొని, మిగతాది మొదటి చలికాలం కోసం పక్కన పెట్టు. కొత్త బెల్టు, పాతది స్పేరుగా హుడ్ కింద, ప్లగ్‌లు, కార్బైడ్‌లు, చెయిన్‌కేస్ నూనె, కార్బురేటర్ శుభ్రం, ఇవన్నీ మొదటి నెలలోనే చేయించుకో. ఇంకో మాట, మంచు పడబోయే ఈ రోజుల్లో ధరలు ఎక్కి ఉంటాయి. మార్చి చివర్లో అయితే దిగుతాయి, పైగా మంచు మీద నడిపి చూడొచ్చు. తొందర లేకపోతే ఆగు అనేవాణ్ణి, కానీ హోటన్‌లో నీకిది మొదటి చలికాలం. దాన్ని ఇంట్లో కూర్చుని గడపమని చెప్పలేను.

పెట్రోలు ఎథనాల్ లేనిది పొయ్యి. ఎథనాల్ కలిసింది నెలల తరబడి కార్బురేటర్లో నిలవుంటే సన్నటి పైలట్ జెట్లు పూడుకుపోతాయి. పాత బండ్లు స్టార్ట్ కాకపోవడానికి చాలావరకు ఇదే కారణం. ఏప్రిల్‌లో మూసిపెట్టేటప్పుడు కార్బురేటర్ గిన్నెలు ఖాళీ చెయ్యి. ఈ బండ్లు నెమ్మదిగా పోతే గాలన్‌కి 12 నుంచి 15 మైళ్ళు ఇస్తాయి. కొత్త ఫోర్ స్ట్రోక్‌లు ఇంతకన్నా చాలా ఎక్కువిస్తాయి, కానీ వాటి ధర తేడాతో నువ్వు ఏళ్ళకేళ్ళు పెట్రోలు పోయించుకోవచ్చు. టూ స్ట్రోక్ నూనె మంచిది కొను, అక్కడ పిసినారితనం వద్దు. ఆయిల్ ఇంజెక్షన్ పంపు ఉందో, తీసేసి పెట్రోల్లో కలుపుతున్నారో అమ్మేవాణ్ణి స్పష్టంగా అడుగు. పంపు తీసేసిన బండిలో ఉత్త పెట్రోలు పోస్తే ఇంజన్ బిగుసుకుపోతుంది.

మిషిగన్‌లో స్లెడ్‌లకి కార్లలా టైటిల్ కాగితం ఉండదు. కాబట్టి అమ్మకం రసీదు రాయించుకో, టనల్ మీద చెక్కిన నంబరూ రిజిస్ట్రేషన్‌లో నంబరూ ఒకటేనా అని చూడు. నంబరు గీకేసి ఉంటే మాట్లాడకుండా వెనక్కి వచ్చేయ్. రిజిస్ట్రేషన్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో, మూడేళ్ళకోసారి. ట్రైల్ పర్మిట్ వేరే, ఏటా కొనాలి. ఆ డబ్బుతోనే క్లబ్బులవాళ్ళు రాత్రుళ్ళు ట్రైళ్ళు చదును చేస్తారు, ఆనందంగా కట్టు.

నువ్వెంత మంచి చోట ఉన్నావో నీకింకా తెలీదు. సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చే గాలి మీ కీవినా ద్వీపకల్పం మీద మంచు కుమ్మరిస్తుంది, 1978-79 చలికాలంలో అక్కడ 390 అంగుళాలు పడింది. మీ లిఫ్ట్ బ్రిడ్జి కింది అంతస్తుని చలికాలంలో స్లెడ్‌లకే వదులుతారు, ఊరి మధ్యలోంచి కాలవ దాటి హాన్‌కాక్ వెళ్ళిపోవచ్చు. దక్షిణంగా పాత రైలు దారి మీద బిల్ నికల్స్ ట్రైల్ ఉంది, ఫైర్‌స్టీల్ నది మీద ఎత్తయిన వంతెనలు దాటుతుంది. మొదట దాని మీద నడుపు, వాలు తక్కువ, మలుపులు సులువు.

ఒక్కటి మాత్రం నా మాట వినాలి. ఐసు కనీసం ఐదు నుంచి ఏడు అంగుళాల మందం ఉంటేనే బండితో ఎక్కాలి, అదీ తెల్లటి గుల్ల ఐసు కాకుండా గట్టి ఐసు అయి ఉండాలి. మీ కాలవలో ప్రవాహం ఉంటుంది, ఒకచోట మందంగా ఉన్నది పది అడుగుల అవతల పలచబడుతుంది. అక్కడివాళ్ళు వెళ్తున్న దారిలోనే వెళ్ళు, మెడలో ఐసు గుచ్చే పిక్కులు వేసుకో, ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళకు. చెల్లెమ్మకి కూడా హెల్మెట్ మంచిది కొను. దాన్ని మాత్రం సెకండ్ హ్యాండ్ తీసుకోకు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. హాన్‌కాక్ అతనికి ఈ రాత్రే ఫోన్ చేసి, బండి ఉందా అని అడుగు. ఉంటే వచ్చే శనివారం మధ్యాహ్నం వస్తామని చెప్పు, ఇంజన్ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పు. మా ఊరి నుంచి నాలుగు గంటల దారి, పొద్దున్నే బయల్దేరతాను. గేజి, స్టాండు, ట్రైలరు నావి. నగదు, కొలత టేపు, టార్చి లైటు నువ్వు పట్టుకురా. కంప్రెషన్ సమానంగా ఉండి, ట్రాక్ బాగుంటే అక్కడికక్కడే తీసుకుందాం. లేకపోతే మీకు దగ్గరున్న మార్‌కెట్ పట్టణం వైపు ఒక ఫేజర్ చూసి పెట్టాను, సాయంత్రానికి అటు వెళ్దాం.

అమ్మకీ నాన్నగారికీ ఫోన్ చేసినప్పుడు నా నమస్కారాలు చెప్పు.

నీ
వాసు